కంపెనీ నిలవడం వేరు, వాటాదారు నిలవడం వేరు: గడ్డుకాలపు టెలికాం రంగంలో మదుపు నష్టభయాన్ని తూచేదెలా?

2019 వేసవిలో భారత టెలికాం రంగంలోని రెండు పెద్ద సంస్థలు నెల రోజుల తేడాతో తమ వాటాదారులను కొత్త పెట్టుబడి అడిగాయి. ఏప్రిల్‌లో వొడాఫోన్ ఐడియా, మే నెలలో భారతీ ఎయిర్‌టెల్ హక్కుల వాటాలను, అంటే రైట్స్ ఇష్యూను జారీ చేశాయి. రెండూ కోరింది ఒకే మొత్తం, రూ.25,000 కోట్లు. వొడాఫోన్ ఐడియా ఒక్కో వాటాను రూ.12.50కి, ఎయిర్‌టెల్ రూ.220కి ఇవ్వజూపాయి. రెండింటిదీ ఒకే రంగం, ఒకే ప్రత్యర్థి, ఒకే నియంత్రణ సంస్థ. రెండింటి మీదా సుప్రీంకోర్టులో వేలాడుతున్న వివాదం కూడా ఒకటే.

ఆరేళ్లు గడిచాయి. 2025 వేసవి నాటికి వొడాఫోన్ ఐడియా వాటా రూ.7 దరిదాపుల్లో ఉంది. ఎయిర్‌టెల్ వాటా రూ.1,800 దాటింది. నాడు రూ.25,000 చొప్పున రెండింటిలోనూ పెట్టిన మదుపరికి మొదటిదానిలో సుమారు రూ.14,000 మిగిలాయి. రెండోదానిలో రూ.2 లక్షల పైచిలుకు అయ్యాయి.

ఫలితం తెలిశాక తీర్పు చెప్పడం తేలిక. అసలు ప్రశ్న వేరు. రంగమంతా నష్టాల్లో ఉన్నప్పుడు, అన్ని వాటాలూ చౌకగా కనిపిస్తున్నప్పుడు, ఏది కోలుకునే సంస్థో ఏది కుంగే సంస్థో ముందుగా గుర్తించే ఆనవాళ్లు ఉంటాయా? మదుపరి ఏయే లెక్కలు చూసుకోవాలి? ప్రభుత్వం ఆదుకుంటుందన్న నమ్మకాన్ని ఎంతవరకు లెక్కలోకి తీసుకోవాలి? భారత టెలికాం రంగం గత పదేళ్ల అనుభవం ఈ ప్రశ్నలకు చాలావరకు జవాబు చెబుతోంది.

డజను నుంచి నాలుగుకు

2016 సెప్టెంబరు 5న రిలయన్స్ జియో వాణిజ్య సేవలు మొదలుపెట్టేనాటికి దేశంలో దాదాపు డజను మొబైల్ సంస్థలు ఉండేవి. జియో తొలి నెలల్లో మాటలను, డేటాను ఉచితంగా ఇచ్చింది. ఈ ఉచితం 2017 మార్చి 31 దాకా సాగింది. అప్పటికే వేలంపాటల్లో స్పెక్ట్రం కోసం భారీగా అప్పులు తెచ్చిన పాత సంస్థలు ధరలు తగ్గించక తప్పలేదు. రాబడి పడిపోయింది, వడ్డీ భారం మాత్రం తగ్గలేదు.

తర్వాతి మూడేళ్లలో రంగం రూపు మారిపోయింది. రిలయన్స్ కమ్యూనికేషన్స్ 2017 చివరికి మొబైల్ కాల్స్ సేవలు ఆపివేసి, ఆపై దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఎయిర్‌సెల్ 2018లో దివాలా పిటిషన్ వేసింది. టెలినార్ భారత వ్యాపారం, టాటా టెలీసర్వీసెస్ మొబైల్ వ్యాపారం ఎయిర్‌టెల్‌లో కలిసిపోయాయి. వొడాఫోన్ ఇండియా, ఐడియా సెల్యులార్ 2018 ఆగస్టు 31న ఒక్కటయ్యాయి. విలీనం నాటికి కొత్త సంస్థ చందాదారులు 40 కోట్ల పైమాటే. దేశంలో అదే అతి పెద్ద టెలికాం సంస్థ.

ఈ ఐడియాకు తెలుగు నేలతో పాత బంధం ఉంది. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో తొలితరం మొబైల్ సేవలు అందించిన టాటా సెల్యులార్ తర్వాత బిర్లా ఏటీ అండ్ టీతో కలిసింది. అలా ఏర్పడిన సంస్థే 2002లో ఐడియా పేరు పెట్టుకుంది. రాష్ట్రం రెండుగా విడిపోయినా టెలికాం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నేటికీ ఒకే సర్కిల్. ఈ సంస్థ సిమ్ కార్డు పాతికేళ్లుగా వాడుతున్న కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. తెలిసిన పేరు కాబట్టి దాని వాటా కొన్న చిన్న మదుపరులూ ఉన్నారు. పేరుతో ఉన్న పరిచయం పద్దులతో పరిచయం కాదన్న సంగతి వీరిలో చాలామందికి 2019 శరత్కాలంలో గానీ తెలిసిరాలేదు.

పద్దుల అడుగున దాగిన ముప్పు

1999 నాటి టెలికాం విధానం సంస్థలకు స్థిర లైసెన్సు రుసుము నుంచి విముక్తి కలిగించింది. దాని బదులు రాబడిలో కొంత శాతం ప్రభుత్వానికి చెల్లించే పద్ధతి వచ్చింది. ఆ శాతాన్ని లెక్కగట్టే ఆధారమే సవరించిన స్థూల ఆదాయం. వాడుకలో దీన్ని ఏజీఆర్ అంటున్నాం. ఇందులో ఏది చేరుతుంది, ఏది చేరదు అన్నదే వివాదం. టెలికాం సేవల రాబడి మాత్రమే లెక్కలోకి రావాలని సంస్థలు వాదించాయి. వడ్డీలు, డివిడెండ్లు, అద్దెలు, ఆస్తుల అమ్మకంపై లాభాలు కూడా చేరతాయని టెలికాం శాఖ పట్టుబట్టింది.

దశాబ్దానికి పైగా నలిగిన ఈ వివాదాన్ని 2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు ప్రభుత్వానికి అనుకూలంగా తేల్చింది. లైసెన్సు రుసుము కింద మొత్తం బకాయి దాదాపు రూ.92,600 కోట్లు. అందులో అసలు నాలుగో వంతు మాత్రమే. మిగతాదంతా వడ్డీ, జరిమానా, జరిమానాపై వడ్డీ. స్పెక్ట్రం వినియోగ రుసుము బకాయిలు దీనికి అదనం. టెలికాం శాఖ లెక్క ప్రకారం వొడాఫోన్ ఐడియా చెల్లించవలసింది సుమారు రూ.58,000 కోట్లు. సంస్థ స్వయంగా వేసుకున్న లెక్క సుమారు రూ.21,500 కోట్లు. స్వీయ మదింపును కోర్టు అంగీకరించలేదు. 2019 జులై-సెప్టెంబరు త్రైమాసికానికి ఆ సంస్థ రూ.50,921 కోట్ల నష్టం చూపింది. భారత కార్పొరేట్ చరిత్రలో అప్పటిదాకా ఒక త్రైమాసికంలో అంత నష్టం ఏ సంస్థకూ రాలేదు.

ఇక్కడ మదుపరి నేర్చుకోవలసిన మొదటి పాఠం ఉంది. ఈ ముప్పు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ప్రభుత్వంతో సాగుతున్న వివాదాలు వార్షిక నివేదికల్లో కంటింజెంట్ లయబిలిటీస్, అంటే సంభావ్య బాధ్యతల పేరిట నమోదవుతూనే ఉంటాయి. ఆదాయం, లాభం, అప్పు చూసి పుస్తకం మూసేసే మదుపరి ఈ పేజీల దాకా రాడు. వ్యాపారం సవ్యంగా సాగే రోజుల్లో కోర్టు కేసు ఒక చిన్న గమనిక. రంగం కుంగిన రోజుల్లో అదే సంస్థ ప్రాణాన్ని నిర్ణయించే అంశం. కేసులో ఓడిపోతే పడే భారాన్ని సంస్థ నికర విలువతో పోల్చి చూడడం గడ్డుకాలంలో చేయవలసిన తొలి పని.

ఒకే తీర్పు, రెండు దారులు

అదే తీర్పు ఎయిర్‌టెల్ మీదా పిడుగులా పడింది. టెలికాం శాఖ లెక్కలో దాని బాకీ సుమారు రూ.44,000 కోట్లు. అయినా తీర్పు వెలువడిన మూడు నెలలకే, 2020 జనవరిలో ఆ సంస్థ 300 కోట్ల డాలర్ల కొత్త నిధులు సేకరించింది. 2021లో మరో రూ.21,000 కోట్ల హక్కుల వాటాలు జారీ చేసింది. ధర రూ.535. అంటే రెండున్నరేళ్ల కిందటి ధరకు రెండింతలు దాటి ఇచ్చినా కొనేవారు ఉన్నారు.

తేడా ఎక్కడ వచ్చింది? ఎయిర్‌టెల్‌కు ఒకే కాలు లేదు. ఆఫ్రికా వ్యాపారాన్ని 2019లో లండన్ మార్కెట్లో నమోదు చేసి అక్కడ విడిగా మూలధనం తెచ్చుకుంది. సంస్థలకు అందించే సేవలు, ఇంటి బ్రాడ్‌బ్యాండ్, టవర్ల వాటా దానికి ఊతమిచ్చాయి. ఎక్కువ ఖర్చు పెట్టే చందాదారులు దాన్ని విడిచిపోలేదు. వొడాఫోన్ ఐడియా మాత్రం రెండు పెద్ద నెట్‌వర్క్‌లను కలిపే పనిలో తలమునకలై ఉండగానే ఈ దెబ్బ తిన్నది. విలీనం వల్ల ఖర్చు తగ్గవలసిన సమయంలో చందాదారులు జారిపోయారు. 40 కోట్ల పైచిలుకు ఉన్నవారు 2025 మార్చి నాటికి 20 కోట్ల లోపునకు దిగారు.

గడ్డుకాలంలో నష్టం రానిదెవరికి అన్నది సరైన ప్రశ్న కాదు, నష్టం అందరికీ వస్తుంది. మంచి ధరకు మూలధనం మళ్లీ ఎవరు తెచ్చుకోగలరన్నది అడగవలసిన ప్రశ్న. నిధులు దొరికిన సంస్థ నెట్‌వర్క్ మీద ఖర్చు పెడుతుంది, దాంతో చందాదారులు నిలుస్తారు, రాబడి నిలుస్తుంది. దొరకని సంస్థ ఖర్చు ఆపుతుంది. సిగ్నల్ సన్నగిల్లి, చందాదారు పక్క సంస్థకు మారి, రాబడి తగ్గి, నిధులు మరింత దూరమవుతాయి. టెలికాంలో ఈ రెండు చక్రాలూ వేగంగా తిరుగుతాయి. నంబరు మార్చుకోకుండానే సంస్థను మార్చుకునే వీలు చందాదారుకు ఉండడం ఆ వేగాన్ని ఇంకా పెంచింది. జియో, ఎయిర్‌టెల్ 2022 అక్టోబరులో 5జీ సేవలు మొదలుపెట్టగా, వొడాఫోన్ ఐడియా 2025 మార్చిలో గానీ ముంబయిలో ఆరంభించలేకపోయింది. ఆ రెండున్నరేళ్ల ఎడబాటే నిధుల కొరతకు కొలమానం.

చౌక ధర అనే భ్రమ

పది రూపాయల లోపు దొరికే వాటా చిన్న మదుపరిని సహజంగానే ఆకర్షిస్తుంది. ఇంతకన్నా ఎంత పడుతుందిలే అన్న మాట బ్రోకర్ల కార్యాలయాల్లోనూ, ఫోన్లలోని ట్రేడింగ్ యాప్‌ల చుట్టూనూ తరచూ వినిపిస్తుంది. రిలయన్స్ కమ్యూనికేషన్స్ వాటా 2008 ఆరంభంలో రూ.800 దాటింది. అది రూ.100కు పడినప్పుడు చౌక అనుకున్నవారున్నారు, రూ.20కి పడినప్పుడు ఇంకా చౌక అనుకున్నవారున్నారు. చివరికది ఒకటి రెండు రూపాయల స్థాయికి చేరింది. రూ.20కి కొన్నవారు కూడా తమ సొమ్ములో తొంభై శాతానికి పైగా పోగొట్టుకున్నారు. వాటా ధర ఎంత తగ్గినా మరో తొంభై శాతం తగ్గడానికి చోటు ఎప్పుడూ ఉంటుంది.

వాటా ధర ఒక్కటే చూడడంలో ఇంకో పొరపాటు ఉంది. మొత్తం వాటాల సంఖ్య పెరిగితే ఒక్కో వాటాకు దక్కే భాగం చిక్కిపోతుంది. 2019 హక్కుల జారీ తర్వాత వొడాఫోన్ ఐడియాకు సుమారు 2,873 కోట్ల వాటాలు ఉండేవి. 2023 ఫిబ్రవరిలో ప్రభుత్వానికి చెల్లించవలసిన వడ్డీలో రూ.16,133 కోట్లు వాటాలుగా మారాయి. 2024 ఏప్రిల్‌లో రూ.11 చొప్పున రూ.18,000 కోట్ల మలి ప్రజా జారీ, అంటే ఎఫ్‌పీవో జరిగింది. మధ్యలో ప్రమోటర్లు, సరఫరాదారులు కూడా వాటాలు తీసుకున్నారు. 2025లో మరో రూ.36,950 కోట్ల స్పెక్ట్రం బకాయి వాటాలుగా మారింది. దాంతో మొత్తం సంఖ్య 10,800 కోట్లు దాటింది. 2019లో సంస్థలో వంద వంతుల్లో ఒక వంతు ఉన్న మదుపరి, కొత్తగా ఏమీ కొనకుండా కూర్చుంటే, అతడి చేతిలో మిగిలింది పావు వంతుకు కాస్త ఎక్కువ. అతడు ఒక్క వాటా కూడా అమ్మలేదు. అయినా సంస్థలో అతడి భాగంలో ముప్పాతిక వంతు కరిగిపోయింది.

అందుకే పాత ధర మళ్లీ వస్తుందన్న ఆశ లెక్కకు నిలవదు. వాటాలు నాలుగింతలకు చేరువైనప్పుడు పాత ధరను అందుకోవాలంటే సంస్థ మొత్తం విలువ కూడా అదే నిష్పత్తిలో పెరగాలి.

సర్కారు చేయూత ఎవరి కోసం?

ఈ సంస్థ వాటా కొనేవారు చెప్పే బలమైన కారణం ఒకటుంది. ప్రభుత్వం దీన్ని మూతపడనివ్వదు. ఈ మాటలో నిజముంది. 2020 సెప్టెంబరులో సుప్రీంకోర్టు బకాయిల చెల్లింపునకు పదేళ్ల గడువు ఇచ్చింది. 2021 జూన్‌లో కుమార మంగళం బిర్లా తమ వాటాను ప్రభుత్వానికి గానీ, ప్రభుత్వం సూచించిన సంస్థకు గానీ అప్పగించడానికి సిద్ధమంటూ కేబినెట్ కార్యదర్శికి లేఖ రాశారు. ఆ సెప్టెంబరులోనే కేంద్ర మంత్రివర్గం నాలుగేళ్ల మారటోరియం ప్రకటించింది. టెలికామేతర రాబడిని ఇకపై ఏజీఆర్ నుంచి మినహాయించింది. వడ్డీని వాటాలుగా మార్చుకునే వీలు కల్పించింది. 2025 నాటికి ప్రభుత్వం దాదాపు 49 శాతంతో అతి పెద్ద వాటాదారు అయింది. నిర్వహణ మాత్రం ప్రమోటర్ల చేతుల్లోనే ఉంది.

ప్రభుత్వ ఉద్దేశం అర్థం చేసుకోదగినదే. మూడో ప్రైవేటు సంస్థ మూతపడితే రంగంలో ఇద్దరే బలమైన ప్రైవేటు ఆటగాళ్లు మిగులుతారు. ప్రభుత్వరంగ బీఎస్ఎన్ఎల్‌కు 2019 నుంచి వరసగా మూడు పునరుద్ధరణ ప్యాకేజీలు ఇచ్చినా, 4జీ విస్తరణలో అది ఎంతో వెనుకబడింది. పోటీ తగ్గితే ధరలు పెరిగి, భారం గ్రామాల్లోని చివరి చందాదారు మీద పడుతుంది. ఖజానాకు రావలసిన బకాయిలూ మునుగుతాయి. కాబట్టి సంస్థను నిలబెట్టడానికి ప్రభుత్వానికి తనవైన కారణాలు ఉన్నాయి.

కానీ ఆ కారణాల్లో చిన్న వాటాదారు సొమ్మును కాపాడడం లేదు. బకాయి వాటాలుగా మారిన ప్రతిసారీ సంస్థ ఊపిరి పీల్చుకుంది, పాత వాటాదారు భాగం మాత్రం చిక్కింది. 2025లో ప్రభుత్వం ఒక్కో వాటాను రూ.10 చొప్పున తీసుకుంది. అప్పటి మార్కెట్ ధర అంతకన్నా తక్కువ. ముఖవిలువకు తక్కువగా వాటాలు జారీ చేయడాన్ని కంపెనీల చట్టం అనుమతించకపోవడమే ఇందుకు కారణం. ఆ నిబంధన వల్ల పాత వాటాదారుకు కొంత మేలే జరిగింది. లేకుంటే ఇంకా ఎక్కువ వాటాలు పుట్టుకొచ్చేవి.

ఇంకో సంగతి. ప్రభుత్వ చేయూత ఎప్పుడు, ఎంత వస్తుందన్నది మదుపరి చేతిలో లేదు. 2024 ఏప్రిల్‌లో రూ.11కి కొన్నవారు జూన్ చివరలో రూ.19 దాకా చూశారు. సెప్టెంబరులో సుప్రీంకోర్టు క్యూరేటివ్ పిటిషన్లను తోసిపుచ్చిందన్న వార్తతో ఒక్కరోజే వాటా దాదాపు ఐదో వంతు పడింది. నవంబరులో రూ.7 దిగువకు జారింది. 2025 మే నెలలో మరో పిటిషన్‌నూ కోర్టు తోసిపుచ్చింది. అదే ఏడాది అక్టోబరు, నవంబరుల్లో బకాయిలను పునఃపరిశీలించే వీలు ప్రభుత్వానికి ఉందని చెప్పింది. వాటా మళ్లీ ఎగిసింది. ఈ ఎత్తుపల్లాల్లో చందాదారుల ప్రవర్తన గానీ, నెట్‌వర్క్ నాణ్యత గానీ రాత్రికి రాత్రి మారలేదు. మారింది కోర్టు వార్త ఒక్కటే. ఇలాంటి వాటా కొన్నవారు నిజానికి వ్యాపారంలో కాక న్యాయస్థానపు తేదీల మీద, మంత్రివర్గ నిర్ణయాల మీద మదుపు పెట్టినట్టే.

లెక్క ఎక్కడ కుదరాలి?

వ్యాపారం తన కాళ్ల మీద నిలవాలంటే ఏం కావాలి? టెలికాం సంస్థకు ముఖ్యమైన కొలత ఒక్కో చందాదారు మీద నెలకు వచ్చే సగటు రాబడి. 2025 జనవరి-మార్చి త్రైమాసికంలో ఇది ఎయిర్‌టెల్‌కు రూ.245, జియోకు రూ.206, వొడాఫోన్ ఐడియాకు సుమారు రూ.175. అంటే ఒకే టవరు, ఒకే కరెంటు, ఒకే రకం పరికరాల ఖర్చు మీద ఎయిర్‌టెల్ ఒక్కో చందాదారు దగ్గర నెలకు రూ.70 ఎక్కువ రాబడుతోంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. సుమారు 20 కోట్ల చందాదారుల మీద నెలకు సగటున రూ.10 పెరిగితే ఏడాదికి రూ.2,400 కోట్లు అదనంగా వస్తాయి. 2024-25లో సంస్థ నికర నష్టం రూ.27,383 కోట్లు. ఆ ఏడాది చివరికి ప్రభుత్వానికి చెల్లించవలసిన స్పెక్ట్రం, ఏజీఆర్ బాధ్యతలు రూ.1.9 లక్షల కోట్లకు పైగా ఉన్నాయి. రోజువారీ వ్యాపారం నుంచి మిగిలిన నగదు సుమారు రూ.9,000 కోట్లు కాగా, నెట్‌వర్క్ విస్తరణ ఖర్చే దాదాపు అంత ఉంది. అంటే పాత బకాయిల కోసం మిగిలేది దాదాపు శూన్యం. కేవలం ఉదాహరణకు, బకాయిల కింద ఏడాదికి రూ.18,000 కోట్లు కట్టాలనుకుంటే ఒక్కో చందాదారు మీద నెలకు రూ.75 అదనంగా రావాలి. అదీ ఒక్క చందాదారు కూడా జారిపోకుండా.

టారిఫ్‌లు పెరగవని కాదు. 2019 డిసెంబరు, 2021 నవంబరు, 2024 జులైలలో మూడు సంస్థలూ పెంచాయి. కానీ 2024 పెంపు తర్వాత లక్షల మంది ప్రైవేటు సంస్థలను వదిలి బీఎస్ఎన్ఎల్ వైపు వెళ్లారు. అన్ని సంస్థలూ ఒకే శాతం పెంచినప్పుడు, బలహీనమైన నెట్‌వర్క్ ఉన్న సంస్థే ఎక్కువ మందిని పోగొట్టుకుంటుంది. ధరల పెంపు రంగం మొత్తానికి మందు. ఆ మందు బలవంతుడికి ముందు పనిచేస్తుంది.

అప్పు ఇచ్చినవారు, వాటా కొన్నవారు

ఒకే సంస్థలో పెట్టిన సొమ్మంతటికీ ఒకే నష్టభయం ఉండదు. 2020 జనవరిలో, పునఃసమీక్ష పిటిషన్లను సుప్రీంకోర్టు తోసిపుచ్చాక, ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ మ్యూచువల్ ఫండ్ తన రుణ పథకాల్లో ఉన్న వొడాఫోన్ ఐడియా బాండ్ల విలువను సున్నాగా చూపింది. సురక్షితమనుకుని రుణ పథకాల్లో సొమ్ము దాచుకున్నవారికి అది పెద్ద దెబ్బ. అయితే ఆ ఏడాది జులైలో గడువు తీరిన బాండ్ల సొమ్మును సంస్థ చెల్లించింది, అది ఆ మదుపరులకు చేరింది. బ్యాంకులు కూడా క్రమంగా తమ అప్పు వసూలు చేసుకున్నాయి. 2025 మార్చి నాటికి బ్యాంకులకు ఉన్న బాకీ రూ.2,330 కోట్లే.

వరసలో ముందున్నవారికి సొమ్ము తిరిగి వచ్చింది, చివర నిలబడినవారి భాగం కరిగింది. దివాలా చట్టం కూడా ఇదే వరసను పాటిస్తుంది. ఆస్తులు అమ్మితే వచ్చే సొమ్ములో వాటాదారుది ఆఖరి వంతు. బ్యాంకుల బాకీ తగ్గిందన్న వార్తను శుభవార్తగా చదివేవారున్నారు. రూ.43,000 కోట్లకు పైగా వార్షిక రాబడి ఉన్న సంస్థకు బ్యాంకులు కొత్త అప్పు ఇవ్వడానికి ఎందుకు జంకుతున్నాయన్న ప్రశ్న కూడా అదే వార్తలో ఉంది.

పొరుగునా ఇదే కథ

ఈ ఒత్తిడి భారత్‌కే పరిమితం కాదు. బంగ్లాదేశ్‌లో 2016లో రోబీ, ఎయిర్‌టెల్ విలీనమయ్యాయి, ఆ ఏడాదే సిటీసెల్ మూతపడింది. నేపాల్‌లో ఎన్‌సెల్ నుంచి మలేసియాకు చెందిన ఆక్సియాటా 2023లో వైదొలగింది. శ్రీలంకలో 2024లో ఎయిర్‌టెల్ లంక వ్యాపారం డైలాగ్ ఆక్సియాటాలో కలిసి, భారతీ ఎయిర్‌టెల్‌కు పదో వంతుకు పైగా వాటా దక్కింది. పాకిస్థాన్ నుంచి తప్పుకోవడానికి టెలినార్ తన వ్యాపారాన్ని పీటీసీఎల్‌కు అమ్మేందుకు ఒప్పందం చేసుకుంది. తక్కువ ధరలు, ఖరీదైన స్పెక్ట్రం, బరువైన పన్నులు కలిసినచోట మార్కెట్లో ముగ్గురు నలుగురికి మించి మిగలడం లేదు. చిన్న సంస్థ వాటా కొనేవారు అది కోలుకుంటుందా అన్నదొక్కటే కాక, ఎవరిలోనైనా కలిస్తే తమకు ఏ నిష్పత్తిలో ఏమి దక్కుతుందో కూడా ఆలోచించుకోవాలి.

మదుపరి వేసుకోవలసిన ప్రశ్నలు

రెండో వైపు వాదనకూ బలముంది. మార్కెట్లో సంస్థలు తగ్గాయి, ధరల యుద్ధం ముగిసింది. బకాయిల భారం నిజంగా తేలికపడితే, రాబడిలో వచ్చే ప్రతి చిన్న పెరుగుదలా బలహీన సంస్థ విలువను ఎక్కువ రెట్లు పెంచగలదు. సరిగ్గా ఆ మలుపులో కొన్నవారు మంచి లాభం పొందే అవకాశం ఉంది. 2024 జూన్‌లో అమ్మినవారు దానికి సాక్ష్యం. ఈ అవకాశాన్ని కొట్టిపారేయడం సరికాదు. అది ఎంతటి సొమ్ముకు తగిన అవకాశమో తేల్చుకోవాలి.

కాబట్టి కుంగిన రంగంలో ఏ టెలికాం వాటాను చూసినా కొన్ని ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాసుకోవడం మంచిది. కోర్టుల్లో ఉన్న వివాదాలన్నీ వ్యతిరేకంగా తేలితే సంస్థ నికర విలువ మిగులుతుందా? రాబోయే మూడేళ్లలో కట్టవలసిన వాయిదాలెంత, వ్యాపారం నుంచి మిగిలే నగదు ఎంత? ఆ తేడాను కొత్త వాటాలతో పూడిస్తే తన భాగం ఎంతకు తగ్గుతుంది? చందాదారులు త్రైమాసికానికి పెరుగుతున్నారా, తరుగుతున్నారా? ప్రమోటర్లు తమ సొంత సొమ్ము పెడుతున్నారా, లేక ప్రభుత్వం వైపే చూస్తున్నారా? బ్యాంకులు అప్పు ఇస్తున్నాయా? ఈ జవాబులన్నీ ప్రతి మూడు నెలలకు సంస్థలు వెల్లడించే ఫలితాల్లోనూ, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ విడుదల చేసే చందాదారుల గణాంకాల్లోనూ ఉచితంగానే దొరుకుతాయి.

ఈ ప్రశ్నలను 2019 వేసవిలో వేసుకున్నా తీర్పు ఏ వైపు వస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. కానీ తీర్పు వ్యతిరేకంగా వస్తే తట్టుకునే శక్తి ఏ సంస్థకు ఉందో, దేనికి లేదో తెలిసేది. నష్టభయాన్ని తూచడమంటే జోస్యం చెప్పడం కాదు. చెడు జరిగినప్పుడు ఎవరు ఎంత పోగొట్టుకుంటారో ముందే లెక్కగట్టుకోవడం.

నెలకు మూడు వందల రూపాయల రీచార్జికి వెనకాడే ఇంట్లోనే ముప్పై వేల రూపాయల పొదుపు పెన్నీ వాటాల్లోకి పోతున్న రోజులివి. చందాదారుగా ఆ కుటుంబానికి మూడో టెలికాం సంస్థ నిలబడడం అవసరం. పోటీ ఉంటేనే రీచార్జి ధర అదుపులో ఉంటుంది. వాటాదారుగా మాత్రం ఆ సంస్థ నిలబడినంత మాత్రాన తమ సొమ్ము నిలబడుతుందన్న హామీ ఏ ప్రభుత్వమూ, ఏ న్యాయస్థానమూ ఇవ్వలేదు. సిమ్ కార్డు ఇష్టం లేకపోతే వారం రోజుల్లో మరో సంస్థకు మార్చుకోవచ్చు. వాటా కొని పోగొట్టుకున్న సొమ్మును తిరిగి తెచ్చే పోర్టబిలిటీ ఏదీ లేదు.